సంతలో ఒక వీశె గుండు

పనికిరాని మాటనుగాని, కాలము చెల్లిన వస్తువునుగాని "పాతచింతకాయపచ్చడి" అని త్రోసివేయుట మనకు వాడుక. ఈ మాట పుట్టించినవారు ఆ పచ్చడి రుచి ఎరుగనివారై యుండవలెను. జ్వరము తగ్గి లంకణము విడిచినవానికి మొదటి ముద్దలో పెద్దలు కలిపి పెట్టుచు వచ్చినది ఆ పచ్చడినే గదా! వస్తువు పాతదైనంత మాత్రమున దాని విలువ తగ్గదు. దానిని ఎరిగినవారు తగ్గినప్పుడే తగ్గును. ఈ సత్యము నాకు పుస్తకములలో దొరకలేదు. ఒక పల్లెటూరి సంతలో, పాత ఇనుము ప్రోవులో దొరకినది.

తూర్పు కనుమలు మైదానమును తాకుచోట, నర్సీపట్నమునకు కొంత దూరమున, ఒక గ్రామము కలదు. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని దది. వారమున కొకసారి అచట సంత జరుగును. ఆ ప్రాంతమున నిట్టి సంతలు పెక్కులు గలవు గనుక పేరుతో పనిలేదు. నేను 1979లో ఉపాధ్యాయుడనై, ముప్పదియారు సంవత్సరములు బడిపంతులుగా జీవించితిని. అందు కొన్ని సంవత్సరములు ఆ గ్రామ సమీపముననే గడచినవి. ఇటీవల ఒక ఉదయమున, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమని వెంటబెట్టుకొని మరల ఆ సంతకు పోయితిని.

మేము చేరునప్పటికే చింతతోపు నీడలో సంత కూడియుండెను. కొండలమీదినుండి దిగివచ్చినవారు చింతపండు, పసుపు, కుంకుడుకాయలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, వెదురుతో అల్లిన చాటలు, తట్టలు తెచ్చిరి. దిగువనుండి వచ్చినవారు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, గాజులు, కత్తులు, కొడవళ్ళు పరచిరి. ఒకప్పుడిచ్చట ఉప్పునకు చింతపండు, చేపకు పసుపు మారుచుండెడివి. నేడు కొండమీదినుండి వచ్చిన అమ్మయు తట్ట ప్రక్కన చరవాణితో డబ్బు చెల్లించు చిత్రపు పలకను నిలిపియున్నది. సంత మారలేదని చెప్పుట అసత్యమగును. అయినను, చేసినవాడు కొన్నవాని యెదుటనే కూర్చుండి తన వస్తువునుగూర్చి తానే సమాధానము చెప్పుకొను పద్ధతి మాత్రము అచట ఇంకను మిగిలియున్నది.

తోపు చివర, ఎండ పడుచోట, పాతసామానుల వర్తకుడు గోనెపట్టాలు పరచుకొని కూర్చుండియుండెను. ఇత్తడి బిందెలు, మరచెంబులు, కంచు గిన్నెలు, దీపపు సెమ్మెలు, అడకత్తెరలు, సున్నపుకాయలు, చిలుము పట్టిన గంటలు, విరిగిన తిరుగలి, కాళ్ళు లేని కత్తిపీట, ఒక డబ్బాలో పాతనాణెములు. మనుమడు గుంటలు తీసిన కొయ్యపీట నొకదానిని చేతనెత్తి, "తాతయ్యా, ఇది కోడిగ్రుడ్లు పెట్టుకునేదా?" అని యడిగెను.

వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు, పదునాలుగు గుంటలు. వానిని లెక్కపెట్టుమని చెప్పి, అది వామనగుంటల పీట యని తెలిపితిని. చింతగింజలు ఒక్కొక్కటిగా గుంటలలో వేసికొనుచు పోవు ఆటలో, ఏ గుంటతో నెత్తిన గింజలు ఎచట ముగియునో ముందుగా మనసులో లెక్కించుకొననివారు ఓడిపోవుదురు. మన ముత్తవలు పలకా బలపము లేకయే ఈ పీటమీద గణితము నేర్చిరి.

డబ్బాలోని నాణెములలో నడుమ రంధ్రము గల రాగికాను లుండెను. అవి రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా 1943లో ముద్రింప నారంభించినవి. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసల లెక్క వచ్చువరకు, రూపాయికి పదునారణాలు, అణాకు నాలుగు కానులు, కానీకి మూడు దమ్మిడీలు. అనగా రూపాయికి నూట తొంబదిరెండు దమ్మిడీలు. "దమ్మిడీ విలువ చేయదు" అని నేటికిని అనుచున్న మా వాడు దమ్మిడీని ఎన్నడును చూడలేదు. నాణెము పోయినను మాట మిగిలినది. కొన్నిటి విషయమున ఆ భాగ్యమును లేదు.

ఆ మాట ఎందుకు చెప్పుచున్నాననగా, ఆ ప్రోవు అడుగున నాకొక ఇనుపముద్ద కనబడెను. గుండ్రనిది, పైన పట్టుకొనుటకు చిన్న పిడి, ఒక ప్రక్క అరిగిపోయిన ముద్ర.

"ఇదేమిటి?" అని వర్తకుని అడిగితిని.

"ఇనపముద్ద బాబూ. ఏ బండిదో ఊడిపోయుంటాది. కిలో నలభై లెక్కన ఇచ్చెయ్యండి" అని అతడు దానిని విద్యుత్తుతో పనిచేయు త్రాసుమీద నుంచెను. ఎఱ్ఱని అంకెలు వెలిగినవి: ఒక కిలో మూడువందల తొంబది గ్రాములు.

ఆ అంకె చూచి నేను నవ్వితిని. తులము పదకొండున్నర గ్రాములకు కొంచెము ఎక్కువ. మూడు తులములు పలము. నలువది పలములు, అనగా నూటయిరువది తులములు, వీశె. లెక్కవేసిన వీశెకు ఇంచుమించు ఒక కిలో నాలుగువందల గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు. అది బండిది కాదు, వీశె గుండు. తక్కువైన ఆ పది గ్రాములు ఎన్నో చేతుల రాపిడికి అరిగిపోయినవో, ఏ వర్తకుని చాతుర్యమువలన అరిగిపోయినవో ఇప్పుడు తేల్చుట కష్టము.

1956లో చేసిన శాసనము ననుసరించి 1958 మొదలు కిలోగ్రాముల తూనికలు క్రమక్రమముగా దేశమంతట నమలులోనికి వచ్చినవి. ఆ మార్పు మేలైనదే. ఊరికొక కొలత యున్నచోట నష్టపడువాడు సామాన్యుడే గదా! నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము అని మేము చిన్నతనమున వల్లించితిమి. అయినను, పొరుగు తాలూకాలో కుంచము మరియొక విధముగ నుండెడిది. దశాంశమానమును నేను బడిలో బోధించినవాడనే. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. కాని కొత్తకొలతలు నేర్పునప్పుడు పాతకొలతల పేర్లు మరచిపొమ్మని ఏ శాసనమును చెప్పలేదు. అది మనము స్వయముగా చేసికొన్న పని.

ఇదంతయు మనుమనికి వివరించుచుండగా వర్తకుడు శ్రద్ధగా విని, గుండును నా చేతిలోనుండి మెల్లగా తీసికొనెను. "రెండువందలు బాబూ" అనెను.

"ఇప్పుడే కదయ్యా, కిలో నలుబది యంటివి!"

"అప్పుడు ఇనపముద్ద గదండీ. ఇప్పుడు వీశె గుండయింది. పేరు సెప్పి ధర మీరే పెంచేసుకున్నారు మాస్టారూ!"

చుట్టు నున్నవారు నవ్విరి. నేనును నవ్వి, రెండువందలు ఇచ్చితిని. నా ఉద్యోగకాలమున నేను చెప్పిన పాఠములలో ఇంత వెంటనే ఫలించినది మరియొకటి లేదు. ఇనుము మారలేదు, బరువు మారలేదు. పేరొకటి వచ్చి చేరినది, అంతియే.

అటుపిమ్మట ఇత్తడి సామానులవైపు తిరిగితిమి. వానిలో నొక మరచెంబుమీద, మెడక్రింద, చిన్నచిన్న చుక్కలతో నొక స్త్రీ పేరు చెక్కియుండెను. ఇంటిపేరుకూడ నుండెను గనుక ఇచట వ్రాయుట ధర్మము కాదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు సారెగా పెట్టు పాత్రలమీద పేరు చెక్కించుట మన యిండ్లలో చాలకాలము జరిగినది. పాత్రల అంగడిలోనే చిన్న ఉలితో పేరు కొట్టువాడు కూర్చుండెడివాడు. చదువు రాని తల్లులు సైతము తమ పేరులోని అక్షరములు ఆ చెంబుమీద తడవికొని గుర్తించెడివారు. భూమిమీద హక్కు లేని ఆ స్త్రీలకు, తమదని చెప్పుకొనుటకు తమ పేరుతోనున్న ఆస్తి అదియొక్కటే యని చెప్పిన తప్పులేదు.

"ఇటువంటి వస్తువులు ఇట్లు అమ్ముటకు నీకు మనసెట్లు వచ్చుచున్న దయ్యా?" అని నేను వర్తకుని కొంచెము కటువుగనే అడిగితిని.

అతడు కోపగించుకొనలేదు. "నాను దొంగతనం సేసి తెచ్చినవా బాబూ? మీబోటోళ్ళ గుమ్మాల్లో నిలబడి, పాతసామాన్లుంటే ఎయ్యండమ్మా అంటే ఏసినవే. నాను కొనకపోతే ఇంకోడు కొని కొలిమిలో ఎయ్యడా? నా కాడుంటే కూసింతకాలం ఉంటాదికదా!" అనెను.

అతని మాట నన్ను తాకవలసినచోటనే తాకెను. నేను ఉద్యోగములో చేరిన ఏట, మొదటినెలలలోనే, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలవాడు మా వీధికి వచ్చెను. తోమ నక్కరలేదు, కళాయి పూయింప నక్కరలేదు, తళతళ మెరయుచుండును. మా అమ్మ పేరు చెక్కిన ఇత్తడి గుండిగను నేనే స్వయముగ ఎత్తి తూకములో పెట్టితిని. పదకొండు కిలోలు తూగినది. దానికి బదులు వచ్చిన స్టీలు డబ్బాల వరుసను చూచి ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. అమ్మ ఏమియు ననలేదు. డబ్బాలను తుడిచి అటకమీద వరుసగ పెట్టినది. ఆమె ఏమియు ననకపోవుటను అంగీకారముగ భావించితిని. ఆ గుండిగ కరగి ఏ రూపమున నున్నదో! శ్రీకాకుళము జిల్లాలోని బుడితివంటి చోట్ల కంచు, ఇత్తడి పనివారు నేటికిని కొలుములు వెలిగించి పాత్రలు చేయుచున్నారు. పాతలోహమునుండి కొత్తపాత్ర పుట్టుట తప్పుకాదు. లోహము నశింపదు, పేరు మాత్రమే నశించును. ఇక నేను వర్తకుని నేమని తప్పుపట్టగలను?

అతని పెట్టెలో ఇంకొక వస్తువుండెను. రెండు చెక్కల నడుమ నొక తాటాకుల కట్ట. త్రాడు తెగియుండెను. "పట్నంనించొచ్చినోళ్ళు ఒక్కో ఆకూ అద్దంలో బిగించి గోడకి పెట్టుకుంటారు. ఆకు వంద" అని వర్తకుడు చెప్పెను. అప్పటికే సగము కట్ట అట్లు పోయినది.

తాటాకును ఆరబెట్టి, పదునుచేసి, గంటముతో గీసి, ఆ గీతలలో మసి పట్టించి చదువుకొనుట మన పూర్వుల పద్ధతి. పురుగునకును, చెమ్మకును లొంగు ఆకు గనుక కొన్ని తరముల కొకసారి మరల వ్రాసికొననిచో గ్రంథము నిలువదు. అనగా మనకు దక్కిన ప్రతి పాతగ్రంథము వెనుకను, దానిని మరల మరల వ్రాసిన అజ్ఞాతుల చేతులు గలవు. కడపలో ఉద్యోగము చేసిన బ్రౌనుదొర స్వంతధనముతో పండితులను నియమించి తాళపత్రప్రతులను సేకరింపజేసి, సరిచూపింపనిచో నేటి తెలుగుసాహిత్యచరిత్ర ఎంత వెలితిగ నుండెడిదో! నన్నెచోడుని కుమారసంభవము తాటాకులలో నణగియుండగా, మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో ప్రకటించువరకు ఆ కవి పేరే లోకమున కంతగా తెలియదు. అట్టి కట్టలు ఎన్ని ఆకులాకులుగా విడిపోయి గోడల కెక్కినవో!

నేను కండ్లద్దములు సవరించుకొని చదువ ప్రయత్నించితిని. మొదట ఏవో భూముల లెక్కలు. పిమ్మట వైద్యము. ఒక ఆకుమీద "శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు సమభాగములు" అని ఆరంభమై, తేనెతో ఎన్ని దినములు సేవింపవలెనో, పథ్యమేమో వివరముగ నుండెను. ఏ రోగమునకో తెలిసికొనుటకు ముందరి ఆకు వెదకితిని. ఆ ఆకు లేదు. ఆకుల సంఖ్యలు చూచితిని. ఏడు ఆకులు వరుసగ లోపించినవి. మందు నా చేతిలో నున్నది. ఏ వ్యాధికో తెలుపు ఆకు ఏ పట్నములోనో గోడమీద అందముగ వ్రేలాడుచున్నది. దానిని అచట పెట్టుకొన్న గృహస్థుడు దుర్మార్గుడు కాడు. పాతవస్తువునందు ప్రీతిగలవాడే. కాని చదువరాని ప్రీతి కట్టను విప్పివేసినది.

మిగిలిన ఆకుల నన్నిటిని కొంటిని. ఉపాధ్యాయ సోదరులు, విద్యార్థులు తెలిసికొనవలసిన సంగతి యొకటి ఇచట చెప్పెదను. 1972లో పార్లమెంటు చేసిన పురావస్తువుల చట్టము ప్రకారము, నూరు సంవత్సరములు నిండిన శిల్పములు, నాణెములు మున్నగు చారిత్రక వస్తువులును, డెబ్బదియైదు సంవత్సరములు నిండిన విలువగల వ్రాతప్రతులును పురావస్తువులుగ పరిగణింపబడును. వీనిని ప్రైవేటువ్యక్తులు దేశము దాటింపరాదు. అనుమతిపత్రము లేనిదే వీనితో వ్యాపారము చేయరాదు. మీ యింటి అటకమీద తాటాకుల కట్ట యున్నచో విప్పకుడు, నూనె పూయకుడు, ఆకులు పంచుకొనకుడు. తిరుపతిలోని ప్రాచ్యపరిశోధనసంస్థకుగాని, చెన్నైలోని ప్రాచ్యలిఖితగ్రంథాలయమునకుగాని ఒక జాబు వ్రాయుడు. నేనును ఆ పనియే చేసితిని.

తిరిగివచ్చు దారిలో, చింతచెట్టు మొదట, ఒక నడివయసు స్త్రీ లక్కపిడతలు పెట్టుకొని కూర్చుండెను. ఏటికొప్పాకనుండి వచ్చినదట. వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామము లక్కబొమ్మలకు ప్రసిద్ధి. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్ర యెట్టిదో, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర అట్టిది. ఆరిన కొయ్యను తరిణిమీద త్రిప్పుచు ఉలితో రూపము తీసి, అది తిరుగుచుండగనే రంగులక్కను అదిమిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టుకొనును. పిమ్మట మొగలిఆకుతో రుద్దిన అద్దమువలె మెరయును. నడుమ కొంతకాలము రసాయనపు రంగులు వచ్చి ఈ బొమ్మల గుణమును చెడగొట్టినవి. బొమ్మను నోట పెట్టుకొనువాడు పసివాడు గదా! పసుపు, నీలిమందు, జాఫ్రాగింజలు మొదలగువానినుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు ఆ గ్రామపువారైన చింతలపాటి వెంకటపతిరాజుగారు కృషిచేసిరి. 2023లో వారికి పద్మశ్రీ లభించినది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపును వచ్చినది.

ఇవన్నియు ఎరిగియు నేనేమి చేసితినో వినుడు. పిడతల బుట్ట నాలుగువంద లని యామె చెప్పగానే, అలవాటు చొప్పున "రెండువందల యేబది కిమ్ము" అంటిని. పొయ్యి, కుండ, మూత, రోలు, రోకలి, తిరుగలి, చెంబు, పళ్ళెము. పండ్రెండు వస్తువులు బొటనవ్రేలంత ప్రమాణమున, మూతకు మూత సరిపోవునట్లు చేసియున్నవి.

ఆమె నన్ను ఒక్క క్షణము చూచి, "ఏటి మాస్టారూ! మీరు పాఠం సెప్తే నెలకింతని జీతం కట్టినారు గదా. ఆ మూత ఆ కుండకి అతుక్కోడానికి మా ఇంటాయన ఎన్ని మూతలు పారేసినాడో, నా గంటలకి లెక్క లేదా బాబూ?" అనెను.

నేను బదులు చెప్పలేక నాలుగువందలు ఇచ్చితిని. కొంతసేపటి క్రితమే, పాత ఇనుపముద్దకు అడిగిన ధర నవ్వుచు ఇచ్చినవాడను; బ్రతికియున్న మనిషి చేతిపనికి నూటయేబది తగ్గింపజూచితిని. చేసినవాడు చనిపోయి నూరేండ్లైన పిమ్మట వస్తువును అద్దాలపెట్టెలో పెట్టి గౌరవింతుము. చేయువాడు ఎదుట కూర్చుండియున్నప్పుడు బేరమాడుదుము. నేటి లక్కపిడతయే రేపటి పురావస్తువు. దానిని చేయు చేయి నిలువనిచో, రేపు మన మనుమలు సంతలో దేనిని వెదకికొందురు?

"మీ పిల్లలు ఈ పని నేర్చుకొనుచున్నారా?" అని అడిగితిని. "పెద్దోడు విశాఖలో కంపెనీలో చేరిపోనాడు. సిన్నోడికి సెయ్యి ఉంది. అంకుడు కర్ర దొరికితే ఉంటాడు, లేపోతే ఆడూ పోతాడు" అని చెప్పెను. ఆమె కంఠమున దైన్యము లేదు. ఉన్న సంగతిని ఉన్నట్లు చెప్పినది.

వీశె గుండును నేను పూర్వము పనిచేసిన పాఠశాల కిచ్చితిని. అచటి లెక్కలపంతులుగారు దానిని బల్లమీద పెట్టి, అదేమో చెప్పుమని పిల్లల నడిగిరట. సరియైన సమాధానము ఒక్కరును చెప్పలేదు. మరునాడు మాత్రము పదునొకండుగురు చెప్పిరి. రాత్రి ఇండ్లలో అవ్వల నడిగిరి. ప్రదర్శనశాల లేని పల్లెలో ప్రతి యింటిలోను అట్టి యొక అవ్వయో, తాతయో ఉన్నారు. ఉపాధ్యాయ సోదరులకు నా విన్నప మింతియే. ప్రతి విద్యార్థియు ఇంటిలోని యొక పాతవస్తువు పేరు, చేసిన వృత్తివారు, వాడిన విధము ఒక పుటలో వ్రాసి తెచ్చునట్లు చేయుడు. దానికి నిధులు అక్కరలేదు, ఆజ్ఞలు అక్కరలేదు. ఆలస్యము మాత్రము పనికిరాదు, అవ్వలు వేచియుండరు.

ఆ రాత్రి మనుమడు తన బామ్మ దగ్గర కూర్చుండి పాత్రల పేర్లు వ్రాసికొనెను. గంగాళము, గుండిగ, తపేలా, మరచెంబు, ఉప్పుమరిగ, చల్లకవ్వము. పుట నిండినది. పేరు చెక్కిన చెంబునుకూడ నేను కొని తెచ్చితిని గనుక, దానిమీది చుక్కలను వ్రేలితో తడవుచు, "తాతయ్యా, మీ అమ్మగారి గుండిగమీద ఏమని ఉండేది?" అని అడిగెను.

పేరు చెప్పితిని. పేరు క్రింద నొక సంవత్సరముకూడ చెక్కియుండెను. అది మాత్రము నాకు జ్ఞప్తికి రాలేదు.